మా మిద్దెను పాడు చేసింది వాన కాదు

2021 నవంబరులో, అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి చెయ్యేటి ఒడ్డు ఊర్లు మునిగిన ఆ వారంలోనే, జమ్మలమడుగు పక్కన మా ఊర్లో ఉన్న పాత ఇంట్లో నట్టింటి దూలం ఒకటి గోడ దగ్గర నాలుగు వేళ్లు కిందికి దిగింది. చెయ్యేటి ఊర్లవాళ్లు పోగొట్టుకున్నదాని ముందు మాది చెప్పుకునేంత నష్టం కాదు. ఇంట్లో ఎవరూ లేరు, తాళం వేసి ఉంది. పక్కింటి అన్న ఫోన్ చేసి "మిద్దె కూర్చునేట్టుంది, వచ్చి చూసుకోండి" అన్నాడు. కడప నుంచి పోయి తలుపు తీస్తే లోపల పచ్చి మట్టి వాసన, కింద నేల మీద బురద నీళ్లు, పైన దూలం ఒక పక్కకు ఒరిగి ఉంది. తల పైకెత్తి చాలాసేపు అట్లే నిలబడిపోయాను. ఆ దూలానికే మా జేజి, అంటే నాయనమ్మ, నాకు ఉయ్యాల కట్టింది.

ఆ ఇంటిని మళ్లీ నిలబెట్టడానికి రెండేళ్లు తిరిగాను. ఆ రెండేళ్లలో నాకు గట్టిగా కుదిరిన అభిప్రాయం ఒకటుంది, దాని కోసమే ఇదంతా రాస్తున్నాను. మన రాయలసీమలో పాత మిద్దెలు, అంటే మట్టి కప్పు ఇళ్లు, ముసలివై కూలడం లేదు. మనం మంచి మనసుతో, అప్పు చేసి మరీ చేయించిన రిపేర్లే వాటిని కూలుస్తున్నాయి. మా ఇంట్లో అయితే ఇది కళ్లారా చూశాను, చేత్తో తడిమి చూశాను.

ముందు ఇల్లు ఎట్లాంటిదో చెప్పాలి. తలవాకిలి పైన చెక్క మీద "ఆనంద నామ సంవత్సరం" అని చెక్కి ఉంది. ఆ పేరు అరవై ఏళ్లకొకసారి వస్తుంది కాబట్టి 1854 కావచ్చు, 1914 కావచ్చు. మా జేజినాయన పుట్టకముందు ఆయన నాయన కట్టించాడని ఇంట్లో అందరూ అనే మాట కాబట్టి 1914 అని మా లెక్క. వీధి అరుగు, పంచ, పడసాల, నట్టిల్లు, పక్కన వంటిల్లు, వెనక జాలాడి, అంటే స్నానాలు చేసే చోటు. బయటి గోడలు రెండడుగుల మందం. కట్టింది మా పక్క భూమిలో పొరలు పొరలుగా దొరికే నాపరాయితో. నార్జి అనే ఊరి పేరు మీద దీన్ని నార్జి సున్నపురాయి అంటారు. గడ్డపారతో లేపితే పలకలుగా లేస్తుంది. భూమిలో ఎట్లా పడుకుని ఉందో గోడలో కూడా అట్లే పడుకోబెట్టి కడితే వందేళ్లయినా ఏమీ కాదు, అదే నిలువుగా పెట్టి కడితే పొర పొరగా రాలిపోతుంది. మా గోడల్లో రాయి అంతా పడుకునే ఉంది. సందుల్లో ఎర్రమన్ను, బయటి ముఖానికి మాత్రం సున్నం.

పైన కప్పు సంగతి ఇంకా ముఖ్యం. గోడ నుంచి గోడకు దూలాలు, వాటి మీద అడ్డంగా దంతెలు అనే సన్న కొయ్యలు, దంతెల మీద పడసాలలో బండలు, నట్టింట్లో అయితే వెదురు తడిక. తడిక మీద బోద గడ్డి, బోద మీద తొక్కిన మట్టి, అన్నిటికీ పైన చౌడు మన్ను. సీమ బయటి స్నేహితులకు ఈ చౌడు గురించి చెబితే నమ్మరు. పొలంలో చౌడు పడితే రైతు ఏడుస్తాడు కదా, నీళ్లు ఇంకవు, పైన నిలిచిపోతాయి, గింజ మొలవదు. ఆ నేలలో సోడియం ఎక్కువ. తడి తగిలితే బంకమట్టి రేణువులు విడివిడిగా చెదిరి సన్న రంధ్రాలన్నిటినీ పూడ్చేస్తాయి. అందుకే చౌడు పొలం బాగుపడాలంటే జిప్సం వేస్తారు, అందులోని కాల్షియం సోడియాన్ని పక్కకు తోసి మట్టిని మళ్లీ గుల్లగా చేస్తుంది. పొలానికి శాపమైన ఆ గుణాన్నే మన పెద్దవాళ్లు ఇంటి నెత్తిన గొడుగు చేసుకున్నారు. చినుకు పడగానే పైన పొర మూసుకుపోతుంది, నీళ్లు జారి కప్పు అంచున ఉండే రాతి తూము, అదే దోనెలోంచి వీధిలో పడతాయి, ఎండ రాగానే ఆరిపోతుంది. దీన్ని కనిపెట్టిన మనిషి ఎవరో గానీ, ఆ మనిషికి నేను రోజూ దండం పెట్టుకోగలను.

ఇక మేం ఏం చేశామో చెప్తాను.

1996లో మా నాయన మిద్దె మీద రెండంగుళాల సిమెంటు కాంక్రీటు పోయించాడు. ఆయనను తప్పు పట్టను. అప్పటికి చౌడు మోసేవాళ్లు దొరకడం కష్టమైంది, ఏటా ఆ పనికి సెలవు పెట్టి ఊరికి పోవాల్సి వచ్చేది. "ఒకసారి సిమెంటు పడితే ఇంక జన్మలో చూడాల్సిన పని లేదు" అని ఒక కాంట్రాక్టరు చెప్పాడు. మూడేళ్లు చుక్క కారలేదు, నాయన సంతోషానికి అంతు లేదు. కానీ కింద ఉన్నది కొయ్య, మట్టి. కొయ్య ఎండాకాలం ఒక రకంగా, వానాకాలం ఒక రకంగా కదులుతుంది. పైన సిమెంటు పలక కదలదు, కదలలేక పగులుతుంది. వెంట్రుకంత పగులు చాలు, నీళ్లు లోపలికి పోతాయి. చౌడు అయితే పగిలినా తడికి మళ్లీ మూసుకుంటుంది, సిమెంటు పగులు మూసుకోదు. పైగా లోపలికి పోయిన తడి పైకి ఆవిరై పోవడానికి దారి లేదు, సిమెంటు మూత పెట్టింది కదా. ఆ తడి పాతికేళ్లు లోపలే తిరిగింది. అది చివరికి చేరిన చోటు దూలం గోడలో కూర్చునే కొస.

తర్వాత 2004లో గోడలకు బయట, లోపల సిమెంటు పూత వేయించాం. చూడటానికి నున్నగా, కొత్త ఇల్లు మాదిరి అయింది. రెండు మూడు వానాకాలాలు పోయేసరికి కింద మూడడుగుల ఎత్తు వరకు గోడ నెమ్ము (తడి) పట్టడం మొదలైంది, తెల్లగా ఉప్పు పూసింది, పెయింటు పొక్కులు పొక్కులుగా లేచింది. మళ్లీ గీకించి మళ్లీ సిమెంటు. ఇట్లా ఎన్నిసార్లో. గోడకు నెమ్ము రావడం ఎప్పుడూ ఉండేదే, మట్టి, సున్నం ఉన్నప్పుడు అది పైకి ఎక్కుతూ పక్కలకు ఆరిపోయేది. దాన్ని సిమెంటుతో రెండు పక్కలా మూసేస్తే ఎటు పోతుంది? పైకి పోతుంది, లోపల ఉన్న ఎర్రమన్నును నానబెడుతుంది.

మూడోది మా ఇంటివాళ్లు చేసింది కాదు. వీధిలో సిసి రోడ్డు వేశారు. కొన్నేళ్లకు పాత రోడ్డు తవ్వకుండా దాని మీదే ఇంకోటి వేశారు. నా చిన్నప్పుడు వీధి నుంచి అరుగు ఎక్కాలంటే రెండు మెట్లు ఉండేవి, ఇప్పుడు వీధి అరుగు కంటే జానెడు ఎత్తులో ఉంది. వాన నీళ్లు ఇంటి గోడ పాదంలోకే వస్తాయి. ఇది మా ఒక్క ఊరి సంగతి కాదు. మన జిల్లాల్లో ఏ పాత వీధిలోనైనా నడిచి చూడండి, పాత ఇళ్లన్నీ వీధి కంటే కిందికి దిగి కనపడతాయి. ఇళ్లు దిగలేదు, రోడ్డు పెరిగింది. ఎవరికీ చెడు ఉద్దేశం లేదు, రోడ్డు కావాల్సిందే. కానీ కొత్తది వేసేముందు పాతది తవ్వడానికి అయ్యే ఖర్చు మిగిల్చి, ఆ ఖర్చును పక్కనున్న ఇళ్ల గోడల మీద వేస్తున్నాం. ఊర్లో ఈ మాట గట్టిగా అడిగేవాళ్లు ఉండాలి.

దూలం దిగిన తర్వాత మొదట ఒక ఇంజనీరును పిలిచాను. ఆయన పది నిమిషాలు చూసి "కూలగొట్టేయండి, ఇది నిలవదు" అని పోయాడు. రెండో ఆయన ఇనుప గర్డర్లు వేసి, పైన ఆర్‌సిసి స్లాబు పోద్దామన్నాడు. మట్టితో కట్టిన గోడ మీద అంత బరువు ఎట్లా పెడతారని అడిగితే, గోడల మూలల్లో పిల్లర్లు లేపుదాం అన్నాడు. అప్పుడు ఇంక పాత ఇల్లు ఎక్కడుంది? కొత్త ఇంటికి పాత గోడలు అలంకారంగా చుట్టినట్టు అవుతుంది. ఆఖరికి మైలవరం పక్కనుంచి ఒక ముసలి బేల్దారి (తాపీ మేస్త్రీ) దొరికాడు. డెబ్బై దాటిన మనిషి, మాట తక్కువ. వచ్చి ఇంటి చుట్టూ రెండుసార్లు తిరిగాడు, లోపల దూలాన్ని సుత్తితో తట్టుతూ ఈ కొస నుంచి ఆ కొస దాకా విన్నాడు, గోడ దగ్గర చప్పుడు బోలుగా వచ్చింది. స్క్రూడ్రైవరు అడిగి తీసుకుని కొసలో గుచ్చితే పిడి దాకా దిగింది.

"మానుకు ఏం కాలేదు సామీ," అన్నాడు. "గోడలో ఉండే అడుగుడే పోయింది. మిగతా పదమూడు అడుగులు ఉక్కు మాదిరి ఉంది. పైన ఆ సిమెంటు ఎవరు పోసినారు?"

చెప్పాను. ఆయన ఏమీ అనలేదు.

పనిలో మొదటి మెట్టు ఏమిటో నాకు ఆయనే నేర్పాడు. అందరూ ముందు గోడలకు రంగు, నేలకు టైల్సు అని మొదలుపెడతారు, కంటికి కనపడేది అదే కాబట్టి. ఆయన మాత్రం వాన పడే రోజు నన్ను మిద్దె మీదికి ఎక్కించి, నీళ్లు ఎక్కడ నిలుస్తున్నాయో, ఎటు పోతున్నాయో ఊరికే చూడమన్నాడు. గంట సేపు తడిసి చూశాను. దోనె వైపు వాటం (వాలు) పోయి మూడు చోట్ల నీళ్లు మడుగు కట్టాయి, ఒక మడుగు సరిగ్గా దిగిన దూలం కొస మీద ఉంది. ఆ గంటలో తెలిసింది ఇద్దరు ఇంజనీర్లు నాకు చెప్పలేదు.

ఆ తర్వాత బరువు. ఇది చాలామంది పట్టించుకోరు, కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను. కాంక్రీటు పగలగొట్టి తీశాక కింద చౌడు, మట్టి కొలిస్తే కొన్ని చోట్ల అడుగున్నర మందం ఉంది. ఏటా కొత్త చౌడు పోస్తారు, అది మంచిదే, కానీ ముందు పాతది గీకి కిందికి దించాలి. మా ఇంట్లో ఆ దించే పని ఎప్పుడో మానేశారు, పోస్తూనే పోయారు. లెక్క వేయండి. పదడుగుల పొడవు, పదడుగుల వెడల్పు గది మీద తొమ్మిదంగుళాల మట్టి అంటే సుమారు మూడున్నర టన్నులు. అంగుళం పెరిగితే ఇంకో నాలుగు వందల కిలోలు దాకా. అడుగున్నర అంటే ఏడు టన్నులు, వానకు తడిస్తే ఇంకా ఎక్కువ. కొస పుచ్చిన దూలం నెత్తిన ఈ బరువు. వానలకు పాత మిద్దె కూలి నిద్రలో ఉన్నవాళ్లు చనిపోయారని మన జిల్లాల పేపర్లలో ఎన్నిసార్లు చదివాం! ఒక్కోసారి అమ్మా బిడ్డా కలిసి. ఆ వార్త కింద "పాత ఇల్లు కావడంతో" అని రాస్తారు. పాతదైనందుకు కాదు, బరువు దించక, దూలం కొస చూడక. ఏడాదికొకసారి ఎవరైనా తెలిసినవాళ్లు పోయి సుత్తితో తట్టి చూసి ఉంటే అందులో చాలామంది బతికి ఉండేవాళ్లు. ఈ ముక్క రాసేటప్పుడు నాకు చేతులు వణుకుతున్నాయి, ఎందుకంటే ఆ ఇంట్లో తాళం పడకముందు మా జేజి ఒక్కతే నాలుగేళ్లు ఆ దూలం కిందే పడుకుంది.

కాబట్టి మీ ఊర్లో అట్లాంటి ఇంట్లో ఎవరైనా ఉంటున్నారంటే, చరిత్ర, సంస్కృతి అన్నీ తర్వాత, ముందు దూలాలకు కింద గట్టి పోట్లు, అంటే ఆనించే గుంజలు, పెట్టించండి. మేం కూడా పోట్లు పెట్టాకే పైన గడ్డపార వేశాం. మట్టి దించేటప్పుడు కూడా ఒక పక్క అంతా దించి ఇంకో పక్క ఉంచకూడదు, దూలం ఎగతన్నుతుంది, రెండు పక్కలా సమంగా గంప గంపగా దించాలి. తొమ్మిది రోజులు పట్టింది. నేను లెక్కపెట్టింది ముప్పై ఒక్క ట్రాక్టరు ట్రిప్పులు. ముప్పై ఒక్క ట్రిప్పుల మట్టిని మోస్తూ ఆ ఇల్లు ఇన్నేళ్లు నిలబడి ఉంది.

దూలం మొత్తం మార్చేద్దామని మా చిన్నాయన, పుచ్చినంత వరకే కోసి కొత్త టేకు ముక్క అతుకుదామని బేల్దారి. వడ్రంగిని పిలిపించి, మూరన్నర పొడవు ఏటవాలుగా రెండు చెక్కలూ ఒకదాని మీద ఒకటి కూర్చునేట్టు చెక్కించి బోల్టులు బిగించాం. గోడలో ఆ కొస కూర్చునే చోట కింద పలచటి కడప బండ, చుట్టూ వేలు పట్టేంత ఖాళీ. ఆ ఖాళీని పూడ్చవద్దని బేల్దారి ఖచ్చితంగా చెప్పాడు. కొయ్య కొసకు గాలి తగిలితే చెమ్మ పట్టినా ఆరుతుంది. మా నాయన కాలంలో ఆ ఖాళీల్లో సిమెంటు కూరారు. ఇంత చిన్న విషయానికి దూలం పోయింది.

చౌడు దొరకడం ఇంకో కథ. మా ఊరి చౌడు గుంట ఇప్పుడు ప్లాట్లు అయింది. పక్క ఊర్లో అడిగితే "ఎందుకు?" అని వింతగా చూశారు. మూడు చోట్ల నుంచి తలా ఒక గంప తెచ్చుకున్నాం. బేల్దారి ఒక్కోదాన్ని చిన్న కుప్ప పోసి, పైన గుంట చేసి, చెంబుడు నీళ్లు పోసి, మూత పెట్టి పోయాడు. మర్నాడు వచ్చి చూస్తే రెండు కుప్పల్లో నీళ్లు ఇంకిపోయాయి, ఒకదాంట్లో తేటగా అట్లే ఉన్నాయి. ఆ చోటి నుంచి తెప్పించాం. ఆరంగుళాలు, అంతకు మించి వద్దన్నాడు, దోనె వైపు చక్కటి వాటం ఇచ్చి దిమ్మిస కొట్టించాడు.

గోడల పని దీనికంటే నిదానంగా సాగింది. ఉత్తరపు గోడ ఒక చోట పొట్ట వేసింది. రెండడుగుల గోడ అంటే నిజానికి రెండు గోడలు, లోపలి ముఖం ఒకటి, బయటి ముఖం ఒకటి, మధ్యలో చిన్న రాళ్లు, మన్ను. రెండింటినీ కట్టి ఉంచేది గోడ మందమంతా పట్టే పొడుగు రాళ్లు. ఆ భాగంలో అవి విరిగిపోయాయి, మన్ను నాని కిందికి జారి పొట్ట వచ్చింది. అంతవరకే రాయి రాయి విప్పి, సుద్దముక్కతో నంబర్లు వేసి, మళ్లీ అదే రాయి అదే చోట పెట్టి, కొత్త పొడుగు రాళ్లు నాలుగు వేసి కట్టాం. సిమెంటు పూత గీకినప్పుడు కింద నుంచి పాత సున్నం పూత కొంత బయటపడింది. గోరు దిగలేదు. తెల్లగా, చల్లగా, చేత్తో రాస్తే సబ్బు మాదిరి నున్నగా ఉంది.

సున్నం గురించి చెప్పకుండా ఉండలేను. మన సున్నపురాయిని సుమారు 900 డిగ్రీల వేడిలో కాలిస్తే అందులోని బొగ్గుపులుసు గాలి (కార్బన్ డయాక్సైడ్) పోయి పొడి సున్నం అవుతుంది. నీళ్లు పోస్తే కుతకుత ఉడికి ముద్ద అవుతుంది. ఆ ముద్ద గోడకెక్కాక, పోగొట్టుకున్న ఆ గాలినే నిదానంగా మళ్లీ పీల్చుకుని, నెలలు పట్టి, ఏళ్లు పట్టి, తిరిగి రాయి అవుతుంది. మా గోడలో ఉన్నదీ అదే రాయి, గోడ మీద పూసిందీ అదే రాయి. పైగా సున్నం, సందుల్లోని మన్ను రెండూ తడిని పీల్చి మళ్లీ వదులుతాయి, కాబట్టి ఒకదాన్ని ఒకటి పాడు చేసుకోవు. చిన్నప్పుడు సున్నపు గానుగలో ఎద్దు తిరగడం చూసినవాళ్లు ఊర్లో ఇద్దరే మిగిలారు. మాకు గానుగ దొరకలేదు, నెల రోజులు తొట్టిలో నీళ్ల కింద నానబెట్టి, ఒకటికి మూడు పాళ్లు ఇసుక కలిపి, కరక్కాయ, బెల్లం ఊరిన నీళ్లతో కాళ్లతో తొక్కించాం. వేసవిలో ఈ పని చేయకూడదు, మన ఎండకు పై పొర గంటలో ఎండిపోయి రాలిపోతుంది. సంక్రాంతి తర్వాత మొదలుపెట్టి ఉగాదికి ముగించాం, రోజూ తడి గోనె పట్టలు కప్పాం. ఆత్రం ఉన్నవాళ్లు సున్నం జోలికి పోవద్దు.

సిమెంటు మీద నాకేం పగ లేదు. యర్రగుంట్ల చుట్టూ ఎన్ని కుటుంబాలు ఆ ఫ్యాక్టరీల మీద బతుకుతున్నాయో నాకు తెలుసు, నేను కడపలో ఉండే ఫ్లాటు సిమెంటుదే. కాంక్రీటు ఇంటికి సిమెంటు, మట్టి, రాయి ఇంటికి మట్టి, సున్నం. నేను అంటున్నది అంతే.

పని జరిగినన్నాళ్లూ మా చిన్నాయన అడిగిన ప్రశ్న ఒకటి నన్ను బాగా ఇబ్బంది పెట్టింది. "దూలం కొస కొత్తది, చౌడు కొత్తది, పూత కొత్తది, గోడ ఒక పక్క విప్పి కట్టినావు. ఇంక ఇది జేజినాయన ఇల్లు ఎట్లయితది?" దీనికి నాకు జవాబు కడపలోనే దొరికింది. మీలో చాలామంది సి.పి. బ్రౌన్ గ్రంథాలయానికి పోయి ఉంటారు. 1820లో కడపకు వచ్చిన బ్రౌన్ ఇక్కడ ఒక బంగళా కొని, అందులో పండితులను పెట్టి, చెదలు తినే తాళపత్రాలను వెతికించి తెప్పించి, కొత్తగా ఎత్తి రాయించాడు. ఆకు శిథిలమైతే కొత్తదాని మీద ఎక్కించడం మనవాళ్లకు ఎప్పటి నుంచో అలవాటే. ఆకు మారింది కదా, ఇంక ఇది వేమన పద్యం కాదు అని ఎవరూ అనలేదు. అక్షరం తప్పకుండా రాస్తే చాలు. ఇల్లు కూడా అంతే అని నా వాదన. చౌడు స్థానంలో చౌడు, సున్నం స్థానంలో సున్నం, కొయ్య స్థానంలో కొయ్య పెడితే అది ఎత్తి రాయడం. చౌడు తీసి కాంక్రీటు పోస్తే పద్యాన్నే మార్చేసినట్టు. అంత చేసిన మనిషి ఇల్లు చూడండి, అన్ని పుస్తకాలకు కొత్త ఊపిరి పోసిన ఆ బంగళా మాత్రం కప్పు పోయి మొండిగోడలుగా మిగిలింది. జానమద్ది హనుమచ్ఛాస్త్రి గారి వంటి పెద్దలు పట్టుబట్టబట్టి ఆ స్థలంలో గ్రంథాలయం వెలిసింది, అందుకు మనం ఎంత రుణపడ్డా తక్కువే. అయినా అక్కడికి పోయిన ప్రతిసారీ, సకాలంలో ఎవరైనా ఆ కప్పు మీద నాలుగు గంపల సున్నం వేయించి ఉంటే ఆయన కూర్చున్న గదిలో మనం కూర్చుని చదివేవాళ్లం కదా అనిపిస్తుంది.

ప్రభుత్వం చూసుకోవాలి అంటారు కొందరు. 1960 నాటి మన రాష్ట్ర పురావస్తు చట్టం కోటలనూ గుళ్లనూ, అవి కూడా నోటిఫై చేసినవాటినే కాపాడుతుంది. మా ఇంటి వంటివి ఏ జాబితాలోనూ ఉండవు. ఇట్లాంటి రక్షణ లేని కట్టడాల కోసమే, వారసత్వ సంపదను కాపాడే ఇంటాక్ సంస్థ 2004లో ఒక చార్టర్ (నియమావళి) చేసింది, సంప్రదాయ పనివాళ్ల విద్యతోనే బాగుచేయాలని అందులో ఉంది. మంచి మాట. కానీ ఆ విద్య ఉన్న బేల్దారులు ఎంతమంది మిగిలారు? మా బేల్దారి కొడుకు బెంగళూరులో టైల్సు పని చేస్తాడు. తండ్రి దగ్గర సున్నం పని నేర్చుకోలేదా అని అడిగితే, "ఏడాదికి ఒక ఇల్లు వస్తే బతికేదెట్ల అన్నా?" అన్నాడు. ఆ మాటకు నా దగ్గర సమాధానం లేదు. ఊరికి ఐదారు ఇళ్లవాళ్లమైనా ఈ పద్ధతిలో చేయిస్తే ఆయనకు ఏడాదంతా పని ఉంటుంది, ఆ పిల్లవాడు తిరిగొస్తాడేమో.

అసలైన అభ్యంతరం మా అమ్మది. ఆమెకు ఈ ఇంటి మీద మోజు లేదు. "నీకేం, ఫొటోలు తీసుకుంటావు. నలభై ఏళ్లు అలికింది నేను, చౌడు గంపలు అందించింది నేను, తడికలోంచి తేలు నా పక్క మీద పడింది. ఆ చాకిరి ఎవరికి పెడతావు ఇప్పుడు?" అని సూటిగా అడిగింది. పాత ఇళ్లను మెచ్చుకుంటూ రాసేవాళ్లు ఈ మాటకు చెవి ఒగ్గాలి. ఆ ఇళ్లు ఊరికే నిలబడలేదు, ఆడవాళ్ల రెక్కల మీద నిలబడ్డాయి. అందుకే మేం కొన్ని మార్చాం, ఏమీ మొహమాటపడలేదు. నట్టింట్లో నేల అలికేది కాకుండా బండలు పరిపించాం, తడిక కింద దగ్గరగా చెక్క పలకలు కొట్టించాం, వెనక పెరట్లో గోడకు దూరంగా బాత్రూము కట్టించాం. కరెంటు వైర్లు గోడను తొలవకుండా పైనే పైపుల్లో పోతాయి. ఏడాదికొకసారి చౌడు పని మాత్రం నాది, నా తమ్ముడిది అని అమ్మ ముందు ఒప్పుకున్నాం. వీధి వైపు గోడ పాదం వెంట రెండడుగుల దూరంలో కాలువ తవ్వించి నీళ్లను పక్కకు తిప్పాం.

డబ్బు సంగతి కూడా చెప్పాలి. మొత్తం ఏడు లక్షల నలభై వేలు అయింది. అంతే చోటులో కొత్త ఇల్లు కట్టాలంటే అప్పటి రేట్లకు ఇరవై లక్షలకు తక్కువ ఎవరూ చెప్పలేదు. అయితే ఈ పోలిక మా ఇంటికే, మీ గోడలు అసలు నిలిచే స్థితిలో లేకపోతే ఇది పనికిరాదు. పునాది జారిన ఇల్లు, మూలల్లో పై నుంచి కింద దాకా చీలిన ఇల్లు ఉంటే దాన్ని పట్టుకుని వేలాడవద్దు. దూలాలు, తలుపులు, బండలు జాగ్రత్తగా విప్పుకుని కొత్త ఇంట్లో వాడుకోండి.

పని అయ్యాక వచ్చిన మొదటి అక్టోబరులో ఈశాన్య వానలు పట్టినప్పుడు నేనూ అమ్మా ఊర్లోనే ఉన్నాం. రాత్రి పదకొండుకు మొదలై తెల్లవారేదాకా పడింది. నాకు టెన్షన్‌తో నిద్ర రాలేదు, టార్చి పట్టుకుని గంటకొకసారి దూలాల కొసలన్నీ చూస్తూ తిరిగాను. అమ్మ "పడుకోరా" అని రెండుసార్లు అంది, మూడోసారి తనే లేచి వచ్చి నా పక్కన నిలబడి పైకి చూసింది. వీధిలో దోనె నుంచి నీళ్లు ధారగా పడుతున్న చప్పుడు లోపలికి వినపడుతోంది. తెల్లారి చూస్తే గవాక్షి (వెలుతురు కోసం కప్పులో వదిలిన కంత) అంచున ఒక చోట అరచేయంత తడి. బేల్దారికి ఫోన్ చేశాను. "అక్కడ చౌడు జారి ఉంటది సామీ, రెండు గంపలు పోసి కాలితో తొక్కు, నేను రావాల్సిన పని లేదు" అన్నాడు. మధ్యాహ్నం ఎండ వచ్చాక ఎక్కి పోశాను. గంపలు కింద నుంచి అమ్మే అందించింది.